తెలుగులో సీరియస్ అంటే

వినుకొండలో కొండ దిగువ వీధుల్లోకి వెళ్ళి సైదా ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ పేరు గలవాళ్ళు సందుకొకరు ఉంటారు. ‘రష్యా సైదా’ అని అడగాలి. అప్పుడు టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒకరు నవ్వుతారు, మరొకరు లేచి సందు మలుపులో నీలం గేటు దాకా వచ్చి చూపిస్తారు. ఆమె రష్యా వెళ్ళిందేమీ లేదు. విమానం ఎక్కలేదు. హైదరాబాదు దాటి ఉత్తరానికి వెళ్ళింది ఒక్కసారే, ఢిల్లీలో జరిగిన సదస్సుకు. అదీ రైల్లో నిలబడి.

తండ్రి మాబు సాహెబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన తాత భుజాన దూదేకే విల్లు వేసుకుని పత్తి పండే ఊళ్ళన్నీ నడిచి తిరిగిన మనిషి. మాబు సాహెబ్ కాలానికి ఆ విల్లు ఆటో వెనక బిగించిన మిషనయింది. పని ముగించుకుని వచ్చేసరికి ఆయన కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద దూది పట్టి ఉండేది. చిన్నప్పుడు సైదాకు తండ్రి పొద్దున యువకుడిగా వెళ్ళి సాయంత్రం ముసలివాడై వస్తున్నట్టుండేది.

ఆమె రష్యన్ చదువు కోరి తెచ్చుకున్నది కాదు. నరసరావుపేటలో డిగ్రీ అయ్యాక ఇంగ్లీషు ఎమ్మే కోసం హైదరాబాదులో ప్రవేశ పరీక్ష రాసింది. ఇంగ్లీషులో సీటు రాలేదు. రష్యన్, స్లావ్ భాషల శాఖలో ఖాళీలున్నాయి, ముందు ఒక సంవత్సరం అక్షరాల నుంచి నేర్పుతాం, చేరతారా అని కబురొచ్చింది. తండ్రి అన్నం తింటూ విన్నాడు.

“ఏం భాషన్నావు?”

“రష్యన్ నాన్నా.”

“అది మన గుంటూరు జిల్లాలో ఎవరు మాట్లాడతారు?”

“ఎవరూ మాట్లాడరు.”

“ఐతే పోటీ లేదన్నమాట. చేరిపో.”

అలా చేరింది. మొదటి సంవత్సరమంతా నోటితో యుద్ధం. నాలుకను వెనక్కి లాగి, పెదవులు సాగదీసి పలకాల్సిన అచ్చు ఒకటుంది ఆ భాషలో. హాస్టలు గదిలో దాన్ని సాధన చేస్తుంటే పక్క మంచం అమ్మాయి కడుపునొప్పేమోనని మాత్ర తెచ్చిచ్చింది. తర్వాత క్రియలు. నడిచి వెళ్ళడానికి ఒక క్రియ, బండెక్కి వెళ్ళడానికి వేరొకటి. వెళ్ళి తిరిగొస్తే ఒక రూపం, వెళ్ళిపోతే మరొక రూపం. ఎమ్మే రెండో సంవత్సరంలో పోలిష్ కూడా కొంత చదివింది. ఒకే అమ్మ కడుపున పుట్టి వేరు కాపురాలు పెట్టిన అక్కచెల్లెళ్ళలా ఆ రెండు భాషలూ ఆమెకు కనిపించాయి. పోలికలు తెలుస్తూనే ఉంటాయి, ఒకరి మాట ఒకరికి పూర్తిగా అందదు.

అనువాదం చెప్పిన ఆచార్యుడు ఇమ్మానియేలు గారిది కనిగిరి పక్క పల్లె. ఆయన బోర్డు మీద ఏమీ రాసేవారు కాదు. ఒక్కటే మాట ఏడాది పొడవునా చెప్పారు: అనువాదకుడు చేర్చకూడదు, తగ్గించకూడదు. అవతలి మనిషి ఎంతిస్తే అంతే ఇవతలి మనిషి చేతిలో పెట్టాలి.

సైదా ఎమ్మేలోనే పిలుపుల మీద పని మొదలుపెట్టింది. రష్యన్‌లో ఎదుటి మనిషిని పలకరించడానికి రెండే మాటలు. మన ‘నువ్వు’కు దగ్గరగా ఒకటి, ‘మీరు’కు దగ్గరగా ఒకటి. తెలుగులో ఆ పని చెయ్యడానికి నువ్వు, మీరు, ఏరా, ఏమే, ఏవోయ్, అమ్మా, అయ్యా, అండీ, వావివరసలు ఉండనే ఉన్నాయి. రష్యన్ కథలో భార్య భర్తను ‘నువ్వు’ అంటుంది. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఏమనిపించాలి? తను అనువదించిన పుటల్లో సైదా ‘ఏవండీ’ అని రాసింది. తరగతిలో ఇమ్మానియేలు గారు ఆ కాగితం పట్టుకుని అడిగారు.

“మీ అమ్మ మీ నాన్నని ఏమని పిలుస్తుందమ్మా?”

సైదా ఆలోచించింది. “పిలవదు సార్.”

“పిలవకుండా ఎట్టా?”

“దగ్గరగా ఉంటే ‘ఇదిగో’ అంటుంది. దూరంగా ఉంటే గిన్నె మీద గరిటె కొడుతుంది.”

తరగతంతా గొల్లుమంది. ఆచార్యుడూ నవ్వి, “ఆ గరిటెను రష్యన్‌లోకి ఎట్టా మారుస్తావో చూడు, నీకు డాక్టరేటు ఇప్పిస్తా” అన్నారు.

ఆ పిలుపుల మీదే పీహెచ్‌డీలో చేరింది. ఫెలోషిప్పు గడువు ముగిసింది గాని పరిశోధన ముగియలేదు. రాయడానికి గదీ భోజనమూ ఉండే చోటు సొంతిల్లే కాబట్టి వినుకొండ వచ్చేసింది. అప్పటికి పొదిలి, కనిగిరి, దర్శి వైపు నుంచి వెల్డర్లు, తాపీ పనివాళ్ళు రష్యాకు పనులకు వెళ్ళడం మొదలైంది. గుంటూరులో ఒక శిక్షణ కేంద్రంవాళ్ళు ఆమెను పిలిచి, బయల్దేరబోయేవాళ్ళకు కాస్త మాటలు నేర్పమన్నారు. నీళ్ళు, రొట్టె, ఆపు, నొప్పి, చలి. పెద్దపెద్ద నవలలు చదివిన భాషను ఆమె ఈ చిన్న మాటల దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. అది ఆమెకు నచ్చింది కూడా. ఆ తరగతిలో కనిగిరి కుర్రాడు షఫీక్ ఉండేవాడు, నోరు మూతపడని రకం.

“మేడం, వాళ్ళ భాషలో ‘అండీ’ యాడ తగిలించాల?”

“ఎక్కడా తగిలించక్కర్లేదు. ‘మీరు’ అంటే చాలు.”

“మరి ఫోర్‌మాన్ కొట్టడా?”

“కొట్టడు.”

“కొడితే?”

“కొడితే ‘నొప్పి’ అను. నేర్పాను కదా.”

షఫీక్ వెళ్ళాక కూడా అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. మందుల పెట్టె మీద ఏముందో చదివి చెప్పమనో, బస్సు పాసు ఎక్కడిస్తారో కనుక్కోమనో. అతని స్నేహితులూ చేసేవాళ్ళు. ఆమె నంబరు వాళ్ళుండే బ్యారక్కు గోడ మీద రాసి ఉందని ఒకసారి షఫీకే చెప్పాడు.

మాఘమాసం. మిరప కోతలు నడుస్తున్నాయి. వీధి వీధంతా ఘాటు. సైదా మేడ మీద నీడలో కూర్చుని రాసుకుంటుండగా షఫీక్ ఫోన్ చేశాడు. గొంతులో పాత అల్లరి లేదు.

“మేడం, మా రూములో పొదిలి దగ్గర ఊరాయన, వీరబాబని, వెల్డరు. నాలుగు రోజుల్నించి జ్వరం. నిమ్ము చేసిందన్నారు. ఆస్పత్రిలో ఏశారు. నన్ను లోపలికి రానియ్యట్లేదు. డాక్టరమ్మకి మీ నంబరిచ్చా. ఆయనకి రష్యను రాదు మేడం, ఇంగిలీసు రాదు. మీరే మాట్లాడాల.”

“ఇంటివాళ్ళ నంబరు?”

“ఆయన ఫోను లాకై ఉంది. ఆళ్ళ నాన్నది ఉంది నా దగ్గర. బుల్లయ్యని. ఒకసారి నా ఫోన్లోంచి చేశాడు.”

ఆ నంబరు రాసుకుంటుండగానే ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. డాక్టరు ఆడమనిషి. అలసిన గొంతే గాని ప్రతి మాటా విడివిడిగా, స్పష్టంగా పలికింది. రోగి పరిస్థితి బరువుగా ఉంది. రష్యన్‌లో తీవ్రమైన స్థితికి వాడే మాటకు అసలు అర్థం బరువే. రెండు ఊపిరితిత్తులూ దెబ్బతిన్నాయి. స్పృహలో ఉన్నాడు. కాసేపట్లో గొంతులో గొట్టం వేసి మిషను మీద పెడతాం, దానికి ముందు నిద్రపుచ్చుతాం. మళ్ళీ ఎప్పుడు లేస్తాడో, లేస్తాడో లేదో, ఇప్పుడే చెప్పలేను. ఒకే పేరు పదేపదే అంటున్నాడు. పార్వతి. ఆమె ఎవరు? భార్యా? అయితే వెంటనే ఆమెను లైన్లోకి తీసుకురండి. ఫోను నేను అతని చెవి దగ్గర పట్టుకుంటాను. ఇప్పుడైతే వింటాడు.

సైదా అంతా అర్థం చేసుకుంది. ఒక్క ముక్క జారిపోలేదు. తన ఫోను డాక్టరు కోసం ఖాళీగా ఉంచి, ఇంట్లోని రెండో ఫోను నుంచి బుల్లయ్యకు చేసింది.

ఆయన చేలో ఉన్నాడు. వెనక కాయలు కోసే ఆడవాళ్ళ మాటలు, నవ్వులు వినిపిస్తున్నాయి.

“బుల్లయ్య గారాండీ? నా పేరు సైదా. వినుకొండ నుంచి. వీరబాబు గారు ఆసుపత్రిలో ఉన్నారు కదా, అక్కడి డాక్టరు నాతో మాట్లాడారు.”

“ఏవైందమ్మా మావోడికి?”

“పరిస్థితి సీరియస్‌గా ఉందండీ. కాని స్పృహలో...”

అవతల ఆడవాళ్ళ నవ్వులు ఆగిపోయాయి.

“హలో? వింటున్నారా? ఆయన స్పృహలో ఉన్నారు. పార్వతి గారితో మాట్లాడాలంటున్నారు. ఆమె నంబరు చెప్పండి, త్వరగా.”

“ఎప్పుడు పొయ్యాడమ్మా?”

“అయ్యో, పోలేదండీ! బతికే ఉన్నారు.”

“నాకు చెప్పొచ్చులే తల్లీ. మొగోణ్ణి, తట్టుకుంటా. ఆడపిల్లవి, నోరు రాక అట్టా అంటన్నావు. పొద్దునా, రాత్రా?”

“నేను అబద్ధం చెప్పడం లేదండీ. నిజంగానే సీరియస్. అంతే.”

“మా ఇంటిది పోయినప్పుడు గూడా గుంటూరు నించి ఇట్టాగే అన్నారమ్మా. సీరియస్‌గా ఉంది, బయల్దేరి రమ్మన్నారు. బస్సులో కొబ్బరిబోండాం ఒళ్ళో పెట్టుకుని కూసున్నా, నీళ్ళు తాగుద్దేమోనని. నేను పోయేతలికి దాన్ని బయటేశారు. ఇంక నాకా మాట ఎవురూ నేర్పక్కర్లేదు.”

అప్పుడు సైదాకు అర్థమైంది తను ఏ మాట వాడిందో. ఈ నేల మీద చావును ఫోనులో ఎవరూ చావని చెప్పరు. సీరియస్ అంటారు. బయల్దేరి రమ్మంటారు. విన్నవాళ్ళు ఆ మాట పట్టుకుని ఊరు చేరతారు, వాకిట్లో చెప్పులు చూసి మిగతాది తెలుసుకుంటారు. ఆమె తాత పోయినప్పుడు హాస్టలుకు వచ్చిన కబురు కూడా అదే. తెలియని విషయం కాదు. కాని ఆ క్షణంలో ఆమె బుర్ర ఇంకా అవతలి భాషలోనే ఉంది, అక్కడ బరువంటే బరువే. తిరిగొచ్చి అందరూ వాడే మాట అందుకుంది. జ్వరం అని ఉంటే సరిపోయేది. మీ కోడలితో మాట్లాడాలంటున్నాడు అని మొదలుపెట్టినా సరిపోయేది.

“బుల్లయ్య గారూ, ఒట్టండీ. ఇప్పుడు మాట్లాడకపోతే మళ్ళీ మాట్లాడలేరు. ఆమెకు ఫోను ఇవ్వండి.”

“ఆ పిల్లకి మాత్రం చెప్పమాక తల్లీ. నీకు దణ్ణం పెడతా. నా కోడలే గాదు, మేనకోడలమ్మా అది. తల్లి లేని పిల్ల, నా చేతుల్లో పెరిగింది. నేనింటికి పోయి నిదానంగా చెప్పుకుంటా.”

ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే ఎవరో కుర్రాడు ఎత్తాడు. “అక్కా, పెద్దాయన పడిపోయాడు, గట్టు మీదకి మోసుకెళ్తన్నారు. బాడీ ఎప్పుడొస్తదో నువ్వే కనుక్కో” అన్నాడు. బతికున్నాడు నాయనా అని ఆమె అరిచింది. “సరేలే అక్కా” అని పెట్టేశాడు. ఆ తర్వాత ఆ నంబరు మోగలేదు. ఇంటి దగ్గర పార్వతి ఫోను కూడా అప్పటికే పక్కింటివాళ్ళు ఏదో వంక పెట్టి తీసుకున్నారని సైదాకు చాలాకాలం తర్వాత తెలిసింది. ఇలాంటి వేళల్లో ఇక్కడ మొదట చేసే పని అదే.

డాక్టరు మళ్ళీ చేసింది. “భార్య దొరికిందా?”

“లేదు. ఇంకొంచెం సేపు...”

“ఆగలేం. మీరు అతని భాష మాట్లాడతారు కదా. ఏదో ఒకటి చెప్పండి. మనిషి భయపడుతున్నాడు.”

గరగరమని చప్పుడు. ఆ వెనక ఊపిరి. పరుగెత్తి వచ్చి ఆగిన మనిషి ఊపిరిలా ఉంది, ఎంతకీ కుదుటపడడం లేదు. దాని మధ్యలోంచి మాట వచ్చింది.

“పార్వతీ... నువ్వేనా?”

చెప్పవలసిన వాక్యం సైదా నాలుక మీదే ఉంది. నేను దుభాషిని, మీ ఇంటివాళ్ళు ఇంకా దొరకలేదు. చేర్చకుండా, తగ్గించకుండా. ఆ వాక్యం రాలేదు.

“ఏవండీ. నేనేనండీ. ఇక్కడే ఉన్నాను. భయపడకండి. వాళ్ళు నిద్రపుచ్చుతారట. మీరు లేచాక మాట్లాడుకుందాం.”

ఊపిరి అలాగే సాగింది. చాలాసేపు అదొక్కటే వినిపించింది. తర్వాత అతను అన్నాడు.

“సరేనండీ.”

మళ్ళీ కాసేపటికి, “చలిగా ఉందండీ. దుప్పటి కప్పమని చెప్పండి” అన్నాడు.

అతనికి చలిగా ఉందట, కప్పండి అని సైదా రష్యన్‌లో చెప్పింది. డాక్టరు ఎవరికో పురమాయించింది. గుడ్డ దులిపిన చప్పుడు వినిపించింది. లైను ఆగిపోయింది.

వీరబాబు మళ్ళీ లేవలేదు. ఆ రాత్రే పోయాడు. మర్నాడు షఫీక్ బుల్లయ్యకు ఆ సంగతి చెప్పినప్పుడే, నిన్న మధ్యాహ్నం దాకా కొడుకు మాట్లాడుతూ ఉన్నాడని ఆయనకు తెలిసింది. సైదాకు ఫోన్ చేశాడు. “నువ్వు చెప్పింది నిజమేనంట గదమ్మా” అన్నాడు. ఆ ఒక్క మాటే. తర్వాత ఏడుస్తున్నాడో, ఊరుకున్నాడో ఆమెకు తెలియలేదు.

శవం రావడానికి వారాలు పట్టింది. ఆ కాగితాలన్నీ సైదాయే చదివి పెట్టింది, ఆసుపత్రితోనూ అధికారులతోనూ ఆమే మాట్లాడింది. ఆ పనిలో తప్పు జరగలేదు. తన పరిశోధన మాత్రం ముట్టుకోలేదు. మేడ మీద కూర్చుని కాగితం తీస్తే ‘ఏవండీ’ అన్న మాట దగ్గరే చూపు ఆగిపోయేది. ఎందుకో తెలియదు, అక్కడ ఏదో తప్పుందనిపించేది. పుటలు మూసి కిందికి వచ్చి తండ్రికి పరుపు గలీబులు కుట్టిపెట్టేది. మాబు సాహెబ్ ఏమీ అడిగేవాడు కాదు. సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు కొత్త నంబరు నుంచి పిలుపొచ్చింది. “అక్కా, నేను వీరబాబు భార్యని. షఫీకన్న ఇచ్చాడు నీ నంబరు. ఒకసారి మా ఊరు రాగలవా? ఫోన్లో వొద్దు.”

పొదిలి బస్సు దిగి ఆటో మారి ఆ ఊరి మలుపు దగ్గర సైదా దిగేసరికి, తువ్వాలు నెత్తిన వేసుకుని ఒక పెద్దమనిషి ఎదురొచ్చాడు. ముందెప్పుడూ చూడకపోయినా, నోరు తెరవగానే గొంతును బట్టి గుర్తుపట్టింది.

“నేనే బుల్లయ్యనమ్మా. ఇంటికి పోయేలోపల నీతో ఒక మాట.” నడుస్తూనే చెప్పాడు, ఆమె మొహం చూడకుండా. “ఫోనొచ్చేతలికే పొయ్యాడని చెప్పా దానికి. అదే నమ్మింది. అదే అనుకుని ఏదో తిండి తింటంది. మొన్న రష్యా నించి షఫీకొచ్చి నాలుగు మాటలు వాగిపోయాడు. అప్పట్నించి నన్ను అడగట్లా, నా మొహంలోకి చూడట్లా. నువ్వు చెప్పు తల్లీ. తెలివి లేదు, మాట్లాళ్ళేదు అని చెప్పు. నీకేం పోయింది? ఆ ఫోను దాని చేతిలో పెట్టకపోయింది నేనని తెలిస్తే, ఇంక నాకు ఈ ఇంట్లో మనిషి ఉండదు.”

సైదా ఆయన వెనకే నడిచింది.

వాకిట్లో పట్టా పరిచి ఉంది. ఎర్రటి మిరపకాయల ముందు పార్వతి కూర్చుని తెల్లబారిన తాలు ఏరుతోంది. సైదాకన్నా చిన్నది. బక్కపలచని మనిషి, ముంజేతుల దాకా కారం మంటకు ఎర్రబడ్డాయి.

“వచ్చావా అక్కా. మామా, మంచం వాల్చు. నువ్వట్టా గుడ్లప్పగించి నిలబడితే ఆమె యాడ కూసుంటది?”

బుల్లయ్య మంచం వాల్చాడు. వెళ్ళిపోలేదు. పట్టా పక్కనున్న గుంజ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పార్వతి ఇంట్లోకెళ్ళి మజ్జిగ తెచ్చిచ్చి, మళ్ళీ కాయల ముందు కూర్చుంది. కాసేపు ఎండల గురించి, మిరప ధర గురించి మాట్లాడింది. ఆ తర్వాత తలెత్తకుండానే అడిగింది.

“ఆయన నీతో మాట్లాడాడంట గదా. షఫీకన్న చెప్పాడు. మామేమో అప్పటికే పోయాడంటాడు. ఏది నిజం?”

గుంజ మీద బుల్లయ్య వేళ్ళు బిగుసుకోవడం సైదా చూసింది. ఆయన ముసలితనం చూసింది. బస్సులో ఒళ్ళో పెట్టుకున్న కొబ్బరిబోండాం గుర్తొచ్చింది. ఇంకొక క్షణం ఆగితే ఆయన కోరిన మాటే వచ్చేదేమో.

“మాట్లాడారు” అంది.

పార్వతి చెయ్యి ఆగలేదు. “ఏమన్నాడు?”

“పార్వతీ, నువ్వేనా అన్నారు.”

“నువ్వేమన్నావు?”

“నువ్వు దొరకలేదు. బాగా భయపడుతున్నారని డాక్టరు చెప్పింది. నేను... నేనేనన్నాను. ఏవండీ, నేనేనండీ, ఇక్కడే ఉన్నాను అన్నాను.”

కాయలు ఏరే చెయ్యి ఇప్పుడు ఆగింది. పార్వతి మొహంలో కోపం రాలేదు. నవ్వులాంటిదేదో వచ్చి పెదవుల దగ్గరే ఆగింది.

“ఏవండీనా? సినిమాల్లో లాగానా?”

“అవును.”

“పుట్టి బుద్దెరిగిన కాడ్నించి ఆయన్ని నేను అండీ అన్లేదక్కా. బావా అంటా. కోపమొస్తే ఒరే బావా అంటా. పెళ్ళయినాక గూడా అదే. ఊరంతా నవ్వేది. మామ తిట్టేవాడు, మొగుణ్ణి ఒరే అంటావేందే అని.” ఒక్క క్షణం ఆగింది. “ఏవండీ అన్నాక ఆయనేమన్నాడు?”

సైదాకు వాకిట్లో వెలుతురు ఒక్కసారి తెల్లబడినట్టయింది. ఇన్నాళ్ళూ ఏ మాట దగ్గర చూపు ఆగిపోయేదో, ఎందుకు ఆగిపోయేదో తెలిసింది. చెప్పబోయే జవాబులో చివర చిన్న ముక్క ఒకటుంది. అది తీసేసి ‘సరే’ అన్నాడంటే అబద్ధం కూడా కాదు. ఆ ముక్క లేకుండా విన్న మనిషి, తన భర్త తన గొంతు విన్నాననుకునే కన్ను మూశాడని బతుకంతా అనుకోవచ్చు. మామ ముంగిట్లో ఈ కాయలు ఏరుకుంటూ, ఆ ఊరటతో నెట్టుకురావచ్చు. తీసేసే హక్కు తనకుందా అని సైదా వెతుక్కుంది. ఒకసారి ఈమె గొంతు తీసుకుంది. ఇప్పుడు అతని మాట కూడా తీసుకుంటే ఇక వాళ్ళిద్దరి మధ్య మిగిలేది ఏముంది?

“‘సరేనండీ’ అన్నారు. ‘చలిగా ఉందండీ, దుప్పటి కప్పమని చెప్పండి’ అన్నారు.”

“అండీ అన్నాడా?”

“అన్నారు.”

“చెప్పండి అన్నాడా? కప్పు అన్లేదు, కప్పమని చెప్పండి అన్నాడు.”

“అవును.”

“ఐతే తెలిసింది ఆయనకి.” పార్వతి గొంతు చాలా మామూలుగా ఉంది, లెక్క సరిచూసుకునే మనిషి గొంతులా. “నేను కాదని తెలిసింది. ఎవరో పరాయి ఆడమనిషని మర్యాద ఇచ్చాడు. అంత జరంలో గూడా. మా బావ అంతే, బయటాళ్ళతో అండీ లేకుండా మాట్లాడడు.”

పిచ్చుకలు పట్టా అంచున వాలి, ఘాటుకు లేచిపోయాయి.

“తెలివిలోనే ఉన్నాడు. నేను రాలేదని తెలిసే పోయాడు.” ఆమె తన నుదుటి మీదికి చెయ్యి తీసుకెళ్ళి, చేతికి కారం ఉందని గుర్తొచ్చి మధ్యలో ఆపేసింది. “ఆ మధ్యాన్నం వాకిట్లో జనం చేరారక్కా. ఎవురూ ఏమీ చెప్పలా. జరమంట, జరమంట అన్నారు. జరానికి ఇంతమంది ఎందుకొస్తారు? నాకు తెలిసిపోయింది. నాయంతట నేనే బొట్టు చెరుపుకున్నా. నేనిక్కడ బొట్టు చెరుపుకుంటంటే, అక్కడ బావ దుప్పటడుగుతున్నాడు.”

“కప్పారు పార్వతీ. నేను విన్నాను. డాక్టరు చెప్పగానే కప్పారు.”

సైదా దగ్గర ఇవ్వడానికి మిగిలింది అదొక్కటే. పార్వతి తల ఊపింది. తీసుకుందో లేదో తెలియలేదు.

“అమ్మీ” అన్నాడు బుల్లయ్య. ఆయన గొంతు ఫోనులో కంటే సన్నగా ఉంది. “నేను నీకోసమే... నువ్వు తట్టుకోలేవని...”

పార్వతి లేచింది. పట్టా అంచున చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కుంది. మణికట్ల దాకా, వేళ్ళ సందుల్లో, తొందర లేకుండా. కొంగుకు తుడుచుకుని మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపులో ద్వేషం ఉంటే సైదా ఓర్చుకోగలిగేది. గుమ్మంలోకి వచ్చిన ఊరి పెద్దను చూసినట్టు, మర్యాదగా చూసింది.

“పొద్దెక్కింది. ఎండలో ఎందుకండీ నిలబడ్డారు? లోపలికి రండి, అన్నం పెడతాను.”

బుల్లయ్యకు వెంటనే అర్థం కాలేదు. వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాడు. వాకిట్లో ఎవరూ లేరు.

“ఏందే ఆ మాట? నన్ను మీరంటావేందే? ఒసే పార్వతీ, తిట్టవే. ఒరే ముసలోడా అనవే.”

ఆమె లోపలికి వెళ్ళింది. పళ్ళెం కింద పెట్టిన చప్పుడు, గిన్నె మూత తీసిన చప్పుడు వచ్చాయి. బుల్లయ్య గుంజ వదిలేసి కాయల మధ్యనే చతికిలబడ్డాడు.

“రండి” అని లోపలి నుంచి మళ్ళీ పిలుపొచ్చింది. “చల్లారిపోతుందండీ.”

ఆయన కదల్లేదు.